సిగ్నల్ దగ్గర పాలడబ్బా, గుడి మెట్ల మీద తాత

ఈ వారం ఉత్తరం కాస్త పెద్దది. పేరు వద్దన్నారు కాబట్టి పేరు లేదు, విషయం మాత్రం వీలైనంతవరకు ఆవిడ మాటల్లోనే కుదించి పెడుతున్నాను.

ఆవిడకి 36 ఏళ్ళు. పుట్టిల్లు ఖమ్మం వైపు, ఇప్పుడుండేది నిజాంపేట, ఉద్యోగం మాదాపూర్‌లో. స్కూటీ మీద రోజూ జేఎన్టీయూ సిగ్నల్ దాటి వెళ్ళాలి. అక్కడ చంకలో పసిబిడ్డతో ఒక అమ్మాయి అడుక్కుంటూ ఉంటుంది, గట్టిగా 20 ఏళ్ళుండవు, బిడ్డ మాత్రం ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉంటుంది. ఈవిడ 10, 20 ఇస్తూ వచ్చారు. ఒకరోజు ఆ అమ్మాయి "పైసలొద్దక్కా, పాపకి పాలడబ్బా ఇప్పియ్యి" అంది. ఆ మాటకి ఈవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగి, బండి పక్కన పెట్టి, సందులో ఉన్న మెడికల్ షాపుకి తీసుకెళ్ళి 400 పైన పెట్టి పాలపొడి డబ్బా కొనిచ్చారు. అదే రోజు సాయంత్రం అత్తగారి బీపీ మాత్రల కోసం అదే షాపు దగ్గర ఆగితే, ఆ అమ్మాయి సీలు కూడా తియ్యని డబ్బా కౌంటర్ మీద పెట్టింది, షాపాయన సొరుగులోంచి నోట్లు తీసిచ్చాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదట, రోజూ జరిగే పని లాగా.

ఆ రోజు నుంచి ఎవరికీ రూపాయి ఇవ్వట్లేదు, సిగ్నల్ పడగానే హెల్మెట్ అద్దం దించేసుకుంటున్నారు. గురువారం సాయిబాబా గుడి మెట్ల మీద కూర్చునే ఒక తాతకి రెండేళ్ళుగా వారం వారం 10 రూపాయలు ఇచ్చేవారు, అదీ మానేశారు. మొన్న మూడో క్లాసు చదివే కొడుకు "అమ్మా, ఆ తాత ఏం చేశాడు?" అని అడిగాడు. ఈవిడ దగ్గర జవాబు లేదు.

ఇంట్లో ఇంకో గొడవ. మావగారి తద్దినానికి అత్తగారు తెల్లారుజామునే లేచి 40 పులిహోర పొట్లాలు కట్టారు. భార్యాభర్తలిద్దరూ పంచడానికి వెళ్తే సగం మంది వద్దన్నారు, తీసుకున్నవాళ్ళలో ఇద్దరు వీళ్ళ కళ్ళముందే డివైడర్ మీద పెట్టేసి పోయారు. భర్త ఇంటికొచ్చి "ఆకలీ లేదు ఏం లేదు, అంతా మాఫియా, ఇప్పుడు ఇచ్చినవాళ్ళ మీద కూడా కేసులు పెడుతున్నారు" అన్నారు. పెద్దాయన పేరు మీద చేసిన అన్నం రోడ్డు పాలైందని అత్తగారు ఆ పూట ముద్ద ముట్టలేదు. ఉత్తరం రాసినావిడ అడిగింది ఇదీ: ఇస్తే మోసపోతున్నాను, ఇవ్వకపోతే నిద్ర పట్టట్లేదు, అసలు ఇవ్వాలా వద్దా, ఇస్తే డబ్బులా తిండా, పిల్లాడికి ఏం చెప్పాలి?

అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకుంది మీ అబ్బాయి ప్రశ్నే. మోసం చేసింది సిగ్నల్ దగ్గర పిల్ల, 10 రూపాయలు పోయింది తాతకి. మూడో క్లాసు పిల్లాడికి దొరికిన ఈ లెక్క మీకూ నాకూ వెంటనే దొరకదు.

ముందు ఆ డబ్బా సంగతి తేల్చేద్దాం, అది ముల్లులా అక్కడే ఉండిపోతే మిగతాదేదీ బుర్రకెక్కదు. ఇది మీ ఒక్కరికే జరగలేదు, పెద్ద ఊళ్ళన్నిట్లో ఆడే పాత ఆటే. డబ్బులొద్దు అనడంలోనే కిటుకంతా ఉంది, డబ్బులు వద్దన్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? సీలు ఉన్న డబ్బా మళ్ళీ అమ్ముకోవచ్చు, షాపతను తన వాటా తీసుకుని మిగతాది చేతిలో పెడతాడు. మీరు ఆ అమ్మాయి మీద ఒకటిన్నర పేజీ రాశారు, షాపాయన మీద రెండు లైన్లు. ఇద్దరూ కలిసి ఆడిన నాటకంలో ఆయనకి కొట్టుంది, ఫ్యాన్ కింద కుర్చీ ఉంది, కమీషన్ మిగిలింది, కోపం మాత్రం మొత్తం ఎండలో నిలబడ్డ పిల్ల మీదకే వెళ్ళింది. బీపీ మాత్రలు ఇంకా అక్కడే కొంటున్నారేమో కూడా. (దెప్పడానికి అనట్లేదు, ఇంటికి దగ్గర షాపు అయితే నేనూ కొనేదాన్నేమో.) సీలు చింపి ఇవ్వండి అని చాలామంది సలహా ఇస్తారు, మళ్ళీ అమ్ముకోవడం ఆగుతుంది నిజమే, కానీ రోడ్డు మీద దొరికే నీళ్ళతో, కడగని సీసాలో కలిపిన పాలపొడి పసిబిడ్డకి విరేచనాలు తెస్తుంది, అదింకో ప్రమాదం.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మనకి ఉత్తినే "ఇవ్వను" అనడం చేతకాదండీ. మనసు ఒప్పుకోదు, ఏదో ఒక కారణం కావాలి, అందుకని అవతలి మనిషి దొంగ అని నమ్మేస్తాం, నమ్మాక అద్దం దించుకోవడం సులువు. మీ ఆయన మాఫియా మాట కూడా చాలావరకు ఆ పనికే వాడుతున్నారని నాకనిపిస్తోంది. ఇవ్వకపోవడం మీ ఇష్టం, మీ జీతం మీది, రోజుకి పది చేతులు ముందుకొస్తే పదింటికీ ఎవరివ్వగలరు? కానీ అందుకోసం తాతని కూడా మాఫియాలో చేర్చక్కర్లేదు కదా.

మా నాయనమ్మ గుమ్మం ముందుకి ఎవరైనా వస్తే "లేదు" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానిచ్చేది కాదు. పెట్టడానికి లేకపోతే "చెయ్యి ఖాళీ లేదు నాయనా, ముందుకెళ్ళు" అనేది, ఖాళీగా కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నా సరే అదే మాట. అబద్ధమే, వచ్చినతనికీ తెలుసు అబద్ధమని, అయినా అతను మొహం చిన్నబుచ్చుకోకుండా పక్కింటికి వెళ్ళేవాడు. కోడలు లేదు పొమ్మంటే అత్త వెనక్కి పిలిచి "అదెవరు చెప్పడానికి, నేను చెప్తున్నా, లేదు పో" అన్న కథ మీకు తెలిసే ఉంటుంది, పాపం మీ ఇంట్లో అత్తగారు పెట్టమనే రకం, అడ్డుపడేది ఆవిడ కొడుకు. అలాగని ఆ రోజులు బంగారమని చెప్పట్లేదు. రాత్రి 8 దాటాక వీధిలో "మాదాకబళం తల్లీ" అని కేక వినపడితే మిగిలిన అన్నం, పప్పు, చారు అన్నీ ఒకే గిన్నెలోకి పైనుంచి వంచేవాళ్ళు, తమ గిన్నె ఆ గిన్నెకి తగలకుండా. అదీ చూశాను నేను.

సిగ్నల్ దగ్గర మీకున్నది ఒకటిన్నర నిమిషం. అందులో ఈ మనిషి అవసరం నిజమా నాటకమా అని తేల్చడం ఏ జడ్జి వల్లా కాదు. అక్కడ ఆలోచించడం మానేసి ఇంట్లో కూర్చుని ముందే అనుకోవాలి, ఎవరికి ఇస్తాను, ఎవరికి ఇవ్వను అని. నా లెక్క చెప్తాను, మీది వేరే కావచ్చు.

పసిబిడ్డని చూపించి అడిగేవాళ్ళకి నేను డబ్బులివ్వను, ఇందులో మీ ఆయన వైపే. బిడ్డ ఉంటే డబ్బులెక్కువ వస్తాయంటే ఆ బిడ్డ రేపు కూడా ఎండలోనే ఉంటుంది. ఆ హారన్ల మధ్య, ఆ పొగలో, ఎప్పుడు చూసినా నిద్రే అని మీరు రాసింది చదివి నాకు భయమేసింది. మత్తు పెట్టారని నేను చెప్పలేను, ఎండ దెబ్బ కావచ్చు, జ్వరం కావచ్చు, ఆకలి నీరసం కావచ్చు, ఏదైనా డాక్టర్ చూడాల్సిందే. 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లల హెల్ప్‌లైన్, ఫ్రీ, ఏ వేళైనా చెయ్యొచ్చు. చేసినప్పుడు "ఎవరో పాపతో అడుక్కుంటున్నారండీ" అని వదిలెయ్యకుండా మెట్రో పిల్లర్ నంబరు, ఏ టైములో ఉంటారు, బిడ్డకి ఎన్ని నెలలు ఉండొచ్చు, కదులుతోందా లేదా, ఇవన్నీ చెప్పండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 76 ప్రకారం పిల్లల్ని అడుక్కోవడానికి వాడుకుంటే 5 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు ఇలాంటి పిల్లల కోసమే తిరుగుతారు. ఇంకోటి, ఆ అమ్మాయికి 20 ఉండవన్నారు, 18 నిండకపోతే చట్టం లెక్కలో ఆమె కూడా చిన్నపిల్లే, ఆమెని అక్కడ నిలబెట్టినవాళ్ళు వేరే ఎవరైనా ఉండొచ్చు.

ఫోన్ చేస్తే ఏమవుతుందో కూడా తెలిసే చెయ్యండి. బిడ్డని బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్తారు, తల్లెవరని అడుగుతారు, ఆ అమ్మాయి నిజంగా కన్నతల్లే అయ్యుండి చేతిలో ఏ కాగితమూ లేకపోతే కొన్నాళ్ళు తల్లి ఒకచోట బిడ్డ ఒకచోట ఉండాల్సి రావచ్చు, అది మామూలు విషయం కాదు, ఆ తర్వాత వేరే సిగ్నల్‌కి మారిపోనూ వచ్చు. చెయ్యకపోతే ఆ బిడ్డ అలాగే నిద్రపోతూ ఉంటుంది, మీరు అద్దం దించుకుని వెళ్తూ ఉంటారు. రెండిట్లో ఏ బరువు మొయ్యగలరో చూసుకోండి. నేనైతే చేస్తాను.

మీ ఆయన మాటలు పూర్తిగా కొట్టిపారేసేవి కావు. పిల్లల్ని అద్దెకి తెచ్చి, సాయంత్రం వసూళ్ళు లాక్కునే ముఠాలని పోలీసులు పట్టుకున్న కేసులున్నాయి. కానీ 2011 జనాభా లెక్కల్లో అడుక్కునేవాళ్ళు, దేశదిమ్మరులు అని రాసుకున్నవాళ్ళే దేశం మొత్తం మీద 4 లక్షల 13 వేల పైచిలుకు, అందర్నీ ఒకే తాడుకి కట్టేస్తే ఎలా? కుష్టు నయమైనా ఇంట్లోవాళ్ళు లోపలికి రానివ్వక రోడ్డున పడ్డవాళ్ళుంటారు. కొడుకు గుడి దగ్గర కూర్చోబెట్టి "ఇప్పుడే వస్తానమ్మా" అని వెళ్ళిపోతే అక్కడే ఉండిపోయిన ముసలమ్మలు ఉంటారు. పని దొరకని రోజు మాత్రమే చెయ్యి చాచే అడ్డా కూలీలు, మతి స్థిమితం లేక తిరిగేవాళ్ళు ఉంటారు (వీళ్ళని ఆస్పత్రికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం పోలీసుల మీదే పెట్టింది, ఎవరైనా కనిపిస్తే 100కి చెప్పొచ్చు).

ఇచ్చినవాళ్ళ మీద కేసులు అన్నది ఇందోర్ సంగతి. 2025 జనవరి 1 నుంచి అక్కడ అలాంటి ఆర్డర్ పెట్టారు, ఫిబ్రవరిలో భోపాల్‌లో కూడా వచ్చింది. మన దగ్గరున్న 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం అడిగే చేతిని పట్టుకుంటుంది, ఇచ్చే చేతి జోలికి రాదు. అడిగే చేతిని పట్టుకోవడం వల్ల ఏం ఒరిగిందంటే, 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చిన సమ్మిట్ ముందు హైదరాబాద్‌లో రెండు నెలలు భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్ళని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ దగ్గర ఆశ్రమాల్లో పెట్టారు. సమ్మిట్ అయిపోయింది, తర్వాత కథ మీరు రోజూ జేఎన్టీయూ దగ్గర చూస్తూనే ఉన్నారు. 2018లో ఢిల్లీ హైకోర్టు అక్కడ అడుక్కోవడం నేరమనే సెక్షన్లే కొట్టేసింది. 2021లో కరోనా పేరు చెప్పి వీళ్ళని రోడ్ల మీద లేకుండా చెయ్యమంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, డబ్బున్నవాళ్ళ కళ్ళతో చూసి అలా ఆర్డరివ్వలేమంది. ఇవన్నీ చెప్తే మీ ఆయన మనసు మారుతుందని నేననుకోను, కనీసం కేసు భయమైనా పోతుంది.

ఇక పులిహోర. డివైడర్ మీద పెట్టినవాళ్ళు పారేశారనే ఎందుకనుకోవాలి? రెడ్ పడినప్పుడే వాళ్ళకి నాలుగు డబ్బులు, అప్పుడు రెండు చేతులూ కావాలి, పొట్లం పక్కన పెట్టుకున్నారేమో, గ్రీన్ పడగానే మీరు వెళ్ళిపోయారు, తర్వాత తిన్నదీ లేనిదీ ఎవరు చూశారు? అత్తగారికి ఈ మాట చెప్పండి. నిజమో కాదో నాకు తెలీదు, కానీ కుదిరే మాటే. వద్దన్నవాళ్ళ సంగతంటారా, ఒక గురువారం నేను గుడి దగ్గర చెప్పులు కాసే ఆవిడ పక్కన గంటసేపు కూర్చున్నాను. ఆ గంటలో మెట్ల మీద వరుసకి మూడుసార్లు పులిహోర వచ్చింది, రెండుసార్లు అరటిపళ్ళు, ఎవరిదో పుట్టినరోజని కేకు ముక్కలు కూడా. ఒక ముసలావిడ ముందు ఐదు పొట్లాలు పేరుకున్నాయి. తినట్లేదేమని అడిగితే "షుగరున్నది బిడ్డా, ఇది తింటే కాళ్ళు మండుతయి. గురువారం తినలేక సస్తం, శనివారం అడిగేటోళ్ళుండరు" అంది. తన మూటలోంచి ఒక ఖాళీ మాత్రల అట్ట తీసి చూపించింది, అంచులు నలిగిపోయి, దాని మీద పేరు కూడా సగం చెరిగిపోయింది, అది చూపిస్తే షాపులో అదే మాత్ర ఇస్తారని దాచుకుందట.

అందుకే తిండి మంచిది, డబ్బు చెడ్డది అనే లెక్క నాకు నప్పదు. డబ్బులిస్తే తాగేస్తారంటారు, తాగేవాళ్ళున్నారు, ఉంటారు. కానీ స్నానానికి డబ్బు కావాలి, నొప్పి మాత్రకి కావాలి, డబ్బు కట్టే టాయిలెట్ల దగ్గర పులిహోర పొట్లం చూపిస్తే లోపలికి రానివ్వరు. తిండే ఇవ్వాలనుకుంటే ముందు ఒక మాట అడగండి, "తిన్నావా, ఏం తింటావు" అని, అంతే. హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం 2014 నుంచి ఉంది, అన్నపూర్ణ పేరుతో మొదలైంది, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు చేశారు. ఆంధ్రాలో మూతపడ్డ అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు, అక్కడా 5 రూపాయలే. అంటే మీరిచ్చే 10 రూపాయలు రెండు భోజనాలు, అవి తినాలా దాచుకోవాలా అన్నది తీసుకున్న మనిషి ఇష్టం. వచ్చే ఏడాది తద్దినానికి అత్తగారు 40 పొట్లాలు కట్టాలనుకుంటే గురువారం గుడిని, సిగ్నల్‌ని వదిలెయ్యండి. నీలోఫర్ లాంటి పెద్దాస్పత్రుల బయట జిల్లాల నుంచి వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునే పేషెంట్ల మనుషులుంటారు, జీహెచ్ఎంసీ నైట్ షెల్టర్లుంటాయి, ముందురోజే వెళ్ళి ఎంతమందికి కావాలో అడిగి ఆ లెక్కకే వండించండి. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళండి, ఆవిడ వండింది ఆవిడ చేత్తో ఇవ్వనివ్వండి, ఈసారి జరిగిన గొడవలో సగం ఆవిడ ఇంట్లో కూర్చుని మీ ఆయన నోటి వెంట వినడం వల్ల వచ్చిందే.

రోడ్డు మీద ఎవరికీ ఇవ్వను, నెలకింత అని ఏదైనా వృద్ధాశ్రమానికి కట్టేస్తాను అనుకోవచ్చు, అదీ మంచి దారే, ఒకసారి వెళ్ళి చూసొచ్చి కట్టండి. కాకపోతే రోజూ సిగ్నల్ దగ్గర చెయ్యి ముందుకి వస్తూనే ఉంటుంది, ఆ ఇబ్బంది అలాగే ఉంటుంది, దానికి రసీదు చూపించలేరు.

తాత దగ్గరికొద్దాం. రెండేళ్ళంటే సుమారు 100 గురువారాలు, మీరు ఆయనకి వెయ్యి రూపాయలిచ్చారు. ఉత్తరం మొత్తం వెతికాను, ఆయన పేరు లేదు. ఎక్కడి మనిషో, రాత్రి ఎక్కడ పడుకుంటారో లేదు. తెలంగాణలో ఆసరా కింద వృద్ధులకి నెలకి 2016 రూపాయల పింఛను, ఆంధ్రాలో అయితే 4000. అది వస్తే మీ 10 రూపాయలతో ఆయనకి పనుండకపోవచ్చు, కానీ ఆధార్ కావాలి, బ్యాంకు అకౌంట్ కావాలి, వేలిముద్రలు అరిగిపోతే మిషన్ తీసుకోదు. అన్నీ కార్డులతోనే నడుస్తున్నాయి మరి, 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అన్నా ఆ జీరో టికెట్‌కి కూడా గుర్తింపు కార్డు చూపించాల్సిందే, మూట తప్ప ఏమీ లేని ముసలావిడకి ఆ ఫ్రీ కూడా అందదు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది, పింఛను గురించి, ఆశ్రమం గురించి అడగొచ్చు. ఒక శనివారం ఆయన్ని మీసేవకి తీసుకెళ్ళగలిగితే అది చాలా పెద్ద పని. ఒక్క ట్రిప్పులో అవ్వదు, ముందే చెప్తున్నా, మూడునాలుగుసార్లు తిరగాలి, ఆఫీసు లీవు పోతుంది. తీరా అడిగాక ఆయనకి పింఛను వస్తూనే ఉందని, కొడుకు తీసుకుంటున్నాడని తెలియొచ్చు. అప్పుడు మళ్ళీ డబ్బా చూసినప్పటిలాగే మీకు కడుపు మండుతుంది. అంత ఓపిక లేకపోతే 10 రూపాయలిచ్చి దణ్ణం పెట్టి వెళ్ళిపోండి, అందులో తక్కువేం లేదు.

పిల్లాడికి ఉన్నదున్నట్టు చెప్పండి. "తాత ఏం చెయ్యలేదు నాన్నా, నాకు వేరేవాళ్ళ మీద కోపమొచ్చి తాతకి ఇవ్వడం మానేశాను" అని. మీ ఇంట్లో ఉందో లేదో కానీ "చదువుకోకపోతే సిగ్నల్ దగ్గర అడుక్కుంటావు" అనే మాట మాత్రం వాడొద్దు, ప్రతి ఇంట్లో హోంవర్క్ టైములో వినిపిస్తుంది, పిల్లలు అది నమ్ముతారు, చెయ్యి చాచినవాళ్ళంతా హోంవర్క్ చెయ్యనివాళ్ళే అనుకుంటారు. చిన్నప్పుడు సంక్రాంతి నెలలో హరిదాసు వస్తే బియ్యం మా పిల్లల చేతే వేయించేవాళ్ళు, నాయనమ్మ వెనక నిలబడి "రెండు చేతుల్తో" అనేది. ఆయన తల మీద అక్షయపాత్ర మాకు అందదు, మోకాళ్ళ మీద వంగేవాడు, దోసిట్లోవి వేసి ఇంకా ఆ మెరిసే గిన్నె వైపే చూస్తుంటే లేచి చిడతలు వాయిస్తూ పక్కింటికి వెళ్ళిపోయేవాడు.

ఈ గురువారం అబ్బాయిని తీసుకెళ్ళండి. ఇన్ని వారాలు రాలేదేమని తాత అడిగితే మా నాయనమ్మ అబద్ధం వాడుకోండి, చెయ్యి ఖాళీ లేదు తాతా అని. డబ్బులు అబ్బాయి చేత ఇప్పించి, మీరు పేరు కనుక్కోండి. మళ్ళీ రాస్తే ఆ పేరు నాకక్కర్లేదు, ఆయన చేతిలో ఆధార్ కార్డు ఉందో లేదో రాయండి, మీసేవలో ఏమేం పట్టుకెళ్ళాలో అప్పుడు చూద్దాం. 1098కి మాత్రం గురువారం దాకా ఆగకండి.